వేధింపుల ఫిర్యాదు అందాక బడి ఏం చేయాలి?

పాఠశాలల్లో వేధింపులను అరికట్టేందుకు తయారయ్యే విధాన పత్రాలను కొంతకాలంగా వెతికి మరీ చదువుతున్నాను. ఏ దేశానివైనా వాటిలో చాలావాటి నడక ఒకే తీరుగా ఉంటుంది. వేధింపును ఎంతమాత్రం సహించబోమన్న ప్రకటనతో పత్రం మొదలవుతుంది; ఆ వెంటనే చేయకూడని పనుల జాబితా వస్తుంది; తర్వాత మొదటిసారికి హెచ్చరిక, రెండోసారికి తల్లిదండ్రులకు పిలుపు, మూడోసారికి సస్పెన్షన్ అంటూ శిక్షల మెట్లు కనిపిస్తాయి. చివర్లో ఎక్కడో "ఫిర్యాదు అందిన వెంటనే తగిన చర్యలు తీసుకుంటాం" అనే వాక్యం ఒకటి ఉంటుంది. విధానమంటూ ఏదైనా ఉంటే అది ఆ వాక్యాన్ని విప్పి చెప్పడంలోనే ఉందని నా అభిప్రాయం. ఆ ఫిర్యాదును ఎవరు వింటారు, విన్న రోజే ఏం చేస్తారు, మర్నాడు ఆ పిల్లవాడు తరగతిలో ఎవరి పక్కన కూర్చుంటాడు, రెండు వారాల తర్వాత "ఇప్పుడెలా ఉంది" అని అతణ్ణి ఎవరు అడుగుతారు అన్న ప్రశ్నలకు జవాబు లేని పత్రం ఎంత కఠినమైన భాషలో రాసినా పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు.

ఈ విషయం మీద క్రమబద్ధమైన పరిశోధన 1970ల తొలినాళ్లలో స్కాండినేవియాలో మొదలైంది. స్వీడన్‌లో పుట్టి నార్వేలో స్థిరపడిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ దీనికి ఆద్యుడు. 1982 చివర్లో ఉత్తర నార్వేలో ముగ్గురు బాలురు ప్రాణాలు తీసుకోవడం, అందుకు తోటి విద్యార్థుల వేధింపులే కారణమై ఉండవచ్చని వార్తలు రావడం ఆ దేశాన్ని కుదిపేసింది. మరుసటి ఏడాది ప్రభుత్వం దేశవ్యాప్త కార్యక్రమాన్ని చేపట్టింది. అందులో భాగంగా ఓల్వేయస్ బెర్గెన్ నగరంలోని 42 పాఠశాలల్లో సుమారు 2,500 మంది విద్యార్థులను రెండేళ్లకు పైగా పరిశీలించారు. వేధింపులకు గురవుతున్నామని చెప్పిన వారి సంఖ్య ఆ కాలంలో దాదాపు సగానికి తగ్గింది. తర్వాత వేరే దేశాలు అదే బాట పట్టినప్పుడు చాలాచోట్ల అంతటి ఫలితం రాలేదు. అయినా బడి తలచుకుంటే ఈ సమస్య తగ్గుతుందని, ఇది బాల్యంలో ఎవరికీ తప్పని తంతు కాదని మొదటిసారి అంకెలతో తేలింది అక్కడే.

ఓల్వేయస్ ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ చాలా విధానాలకు పునాదిగా ఉంది. దాని ప్రకారం వేధింపులో మూడు లక్షణాలు ఉంటాయి: బాధ పెట్టాలన్న ఉద్దేశం, పదేపదే జరగడం, ఇద్దరి మధ్య బలంలో తేడా. మూడోదాన్ని విధాన రచయితలు తరచూ తేలిగ్గా తీసుకుంటారు. బలమంటే కండబలమే అనుకుంటే పొరపాటు. ఒకరి వెనుక నలుగురు ఉండి మరొకరి వెనుక ఎవరూ లేకపోవడం, తరగతిలో ఒకరి మాట చెల్లుబాటు కావడం, ఒకరి రహస్యం మరొకరి చేతిలో ఉండడం, నత్తి గానీ వైకల్యం గానీ కొత్త భాష గానీ ఒకరిని ఒంటరిని చేయడం, ఇవన్నీ బలంలో తేడాలే. సమాన బలం ఉన్న ఇద్దరు పోట్లాడుకుంటే కూర్చోబెట్టి రాజీ చేయవచ్చు. వేధించినవాణ్ణీ వేధింపు పడినవాణ్ణీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి "ఇద్దరూ చేతులు కలపండి, ఇకనుంచి స్నేహంగా ఉండండి" అంటే, తప్పు ఇద్దరిదీ అన్న తీర్పు ఇచ్చినట్టే. గది దాటి బయటికి వచ్చాక మిగతా కథ ఎలా నడుస్తుందో ఆ బాధిత విద్యార్థికి ముందే తెలుసు కాబట్టి పెద్దల ముందు అతను చేయి కలుపుతాడు, ఆ తర్వాత ఇంకెప్పుడూ నోరు విప్పడు. మంచి ఉద్దేశంతోనే జరిగే ఈ రాజీ కార్యక్రమాన్ని విధానం పేరు పెట్టి నిషేధించాలని నేను అంటాను.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పడం నయం. నివారణ కార్యక్రమాలన్నీ కలిపి ఎంత మేలు చేస్తున్నాయని పరిశోధకులు మరియా టోఫీ, డేవిడ్ ఫారింగ్టన్ 2011లో ప్రచురించిన సమీక్షలో 44 మూల్యాంకనాలను కలిపి లెక్కగట్టారు. వేధించడం 20 నుంచి 23 శాతం, వేధింపులకు గురికావడం 17 నుంచి 20 శాతం మేర తగ్గినట్టు తేలింది. ఆ తర్వాత వచ్చిన మరింత పెద్ద సమీక్షలో కూడా అంకెలు కొంచెం తక్కువగా, అదే దరిదాపుల్లో ఉన్నాయి. వేధింపు రహిత పాఠశాల అని బోర్డు కట్టుకునేవారికి ఈ అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి. కానీ ప్రపంచవ్యాప్తంగా దాదాపు ముగ్గురిలో ఒకరు గత నెలలో కనీసం ఒక్కసారైనా బడిలో తోటివారి వేధింపులకు గురయ్యారని యునెస్కో 2019 నివేదిక చెప్పిన నేపథ్యంలో అయిదింట ఒక వంతు తగ్గడమంటే కోట్లమంది పిల్లల మాట. ఆశను సరైన కొలతలో ఉంచుకుంటేనే, రెండో ఏడాది సమస్య మాయం కాలేదని కార్యక్రమాన్ని మూలన పడేయకుండా ఉంటాం.

ఆ సమీక్షలో నాకు మరింత ఉపయోగపడింది వేరే భాగం. ఏయే అంశాలున్న కార్యక్రమాలు మెరుగ్గా పనిచేశాయని చూస్తే, విరామ సమయంలో పెద్దల పర్యవేక్షణ, తల్లిదండ్రులతో సమావేశాలు, గట్టి క్రమశిక్షణ పద్ధతులు, ఎక్కువ కాలంపాటు తీవ్రంగా నడపడం అన్నవి ముందు వరుసలో నిలిచాయి. వీటిలో పర్యవేక్షణకు పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. వేధింపు బడి అంతటా సమానంగా జరగదు. మెట్ల మలుపు, మరుగుదొడ్ల దారి, దుస్తులు మార్చుకునే గది, బస్సు వెనుక సీట్లు, ఒక పీరియడ్ ముగిసి మరొకటి మొదలయ్యేలోపు ఖాళీగా ఉండే నడవా: పెద్దల కన్ను పడని చోటు, పెద్దల కన్ను పడని వేళ. పిల్లల చేతికి బడి పటం ఇచ్చి, ఎక్కడ భయమేస్తుందో పేరు రాయకుండా గుర్తు పెట్టమంటే ఒక్క మధ్యాహ్నంలో ఆ జాబితా తయారవుతుంది. ఉపాధ్యాయులు ఊహించిన చోట్లకూ పిల్లలు గుర్తు పెట్టిన చోట్లకూ మధ్య తేడాయే ఆ ఏడాది డ్యూటీ పట్టికను నిర్ణయించాలి. డ్యూటీ పట్టికలో సంతకం ఉండి మనిషి అక్కడ లేకపోవడం ఎంత మామూలో బడిలో పనిచేసిన ఎవరికైనా తెలిసిన విషయమే. ఫిన్లాండ్‌లో కొన్ని పాఠశాలలు విరామంలో తిరిగే ఉపాధ్యాయులకు దూరం నుంచి కూడా కనిపించే మెరుపు రంగు చొక్కాలు తొడగడం మొదలుపెట్టాయి. చూడ్డానికి వింతగా ఉన్నా, ఎవరు లేరో కూడా దానివల్ల అందరికీ కనిపిస్తుంది.

అయితే పెద్దలు ఎంత తిరిగినా ప్రతి మూలా చూడలేరు. పిల్లలు చూస్తారు. కెనడా పరిశోధకులు ఆటస్థలంలో వీడియో కెమెరాలు, పిల్లల ఒంటిమీద వైర్‌లెస్ మైకులు పెట్టి రికార్డు చేసిన దృశ్యాలను విశ్లేషించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. వేధింపు జరిగిన సందర్భాల్లో 88 శాతం సార్లు తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. వారు అడ్డుకున్నది 19 శాతం సార్లు మాత్రమే. కానీ అడ్డుకున్నప్పుడు మాత్రం సగానికి పైగా సందర్భాల్లో, కచ్చితంగా చెప్పాలంటే 57 శాతం సార్లు, 10 సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే విధానం ఎవరి మీద దృష్టి పెట్టాలో తెలుస్తుంది. వేధించే విద్యార్థికి కావలసింది చాలాసార్లు బాధితుడి కన్నీళ్లకన్నా చూసేవారి నవ్వు. తరగతిలో స్థానం, పేరు, నలుగురి మెప్పు దానివల్ల దక్కుతున్నంతకాలం శిక్ష కూడా ఒక పతకంలాగే పనిచేస్తుంది.

ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీనా సాల్మివల్లి తన సహచరులతో కలిసి 1996లో ప్రచురించిన పరిశోధనలో ఈ చూసేవారిని కొన్ని పాత్రలుగా విడదీశారు. వేధించేవాడికి చేయందించేవారు కొందరు, నవ్వి చప్పట్లు కొట్టి ఉసిగొల్పేవారు కొందరు, తమకేమీ పట్టనట్టు పక్కకు తప్పుకునేవారు కొందరు, బాధితుడి పక్షాన నిలబడేవారు కొందరు. పక్కకు తప్పుకునేవారిలో చాలామందికి మనసులో వేధింపు నచ్చదు. అందరికీ నచ్చుతోందని ప్రతి ఒక్కరూ అనుకుంటూ ఉండడంవల్ల ఎవరూ కదలరు. ఈ అవగాహన మీద కట్టిన కార్యక్రమమే కివా. 2007 నుంచి 2009 వరకు ఫిన్లాండ్ పాఠశాలల్లో యాదృచ్ఛిక ప్రయోగ పద్ధతిలో (ఏ బడుల్లో నడపాలో చీటీ వేసినట్టు ఎంచుకుని, మిగతా బడులతో పోల్చి) పరీక్షించి, ఫలితాలు బాగుండడంతో 2009 నుంచి దేశమంతటికీ విస్తరించారు. అందులో రెండు దారులు ఒకేసారి నడుస్తాయి. ఒకటి తరగతి మొత్తానికి ఏడాది పొడవునా జరిగే పాఠాలు, చర్చలు, ఆటలు. రెండోది ఏదైనా కేసు బయటపడినప్పుడు దాన్ని చేపట్టే ముగ్గురు పెద్దల బృందం. ఆ బృందం ముందుగా బాధిత విద్యార్థితో మాట్లాడుతుంది; తర్వాత వేధించిన వారితో ఒక్కొక్కరితో విడివిడిగా, ఆపైన అందరితో కలిపి మాట్లాడి, ఇకమీదట ఎవరేం చేస్తారో ఒప్పించి రాసుకుంటుంది; కొద్ది రోజుల తర్వాత మళ్లీ కూర్చుని అది జరిగిందో లేదో చూస్తుంది. ఈలోపు తరగతి ఉపాధ్యాయులు తోటివారిలో మంచి పేరున్న ఇద్దరి నుంచి నలుగురు విద్యార్థులను పిలిచి బాధితుడికి తోడుగా ఉండమని అడుగుతారు. తోడు అంటే పోట్లాడడం కాదు. పక్కన కూర్చోవడం, ఆటలోకి పిలవడం, ఇంటికి కలిసి నడవడం.

ఇక్కడ ఒక చిక్కు ఉందని ఒప్పుకోవాలి. టోఫీ, ఫారింగ్టన్ సమీక్షలో, తోటి విద్యార్థులను రంగంలోకి దించిన కార్యక్రమాల్లో బాధితుల సంఖ్య పెరిగినట్టు కూడా కనిపించింది. ఆ ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దానిపై పరిశోధకుల మధ్య వాదోపవాదాలు నడిచాయి. నాకు అర్థమైనంతవరకు, పిల్లలను తీర్పరులుగా, కాపలాదారులుగా కూర్చోబెట్టడం ఒక పని. చూసేవారి నవ్వును వేధించేవాడికి అందకుండా చేయడం మరొక పని. పదమూడేళ్ల పిల్లవాడికి మధ్యవర్తి అని బ్యాడ్జి తగిలించి బలం లేనివాడికీ బలం ఉన్నవాడికీ మధ్య నిలబెట్టడం పెద్దలు తమ బాధ్యతను పిల్లల భుజాలకు మార్చడమే. రెండో పని అలాంటిది కాదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 56 మాధ్యమిక పాఠశాలల్లో 24 వేలకు పైగా విద్యార్థులతో ఎలిజబెత్ లెవీ పలక్ బృందం చేసిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. ప్రతి ప్రయోగ పాఠశాలలో కొద్దిమంది విద్యార్థులను ఎంపిక చేసి, తమ బడిలో ఎలాంటి గొడవలు జరుగుతున్నాయో వారే గుర్తించి, వాటికి వ్యతిరేకంగా తమకు తోచిన రీతిలో బహిరంగంగా నిలబడేలా ప్రోత్సహించారు. 2016లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఆ పాఠశాలల్లో విద్యార్థుల గొడవలకు సంబంధించిన క్రమశిక్షణ కేసులు ఏడాదిలో 30 శాతం తగ్గాయి. ఎంపికైనవారిలో తోటివారు ఎక్కువగా గమనించే విద్యార్థులు ఎంత ఎక్కువుంటే ఫలితం అంత బలంగా వచ్చింది. తరగతిలో మొదటి ర్యాంకు వచ్చేవారినీ, ఉపాధ్యాయులకు ఇష్టమైనవారినీ లీడర్లుగా పెట్టే అలవాటున్న బడులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఎవరి మాటకు పిల్లల్లో విలువ ఉందో పిల్లలనే అడిగి తెలుసుకున్నారు ఆ పరిశోధకులు.

ఇక ఫిర్యాదు సంగతి. వేధింపులకు గురయ్యే పిల్లల్లో చాలామంది ఉపాధ్యాయులకు చెప్పరు, వయసు పెరిగేకొద్దీ ఇంకా తక్కువమంది చెబుతారు. చెబితే పరిస్థితి మరింత చెడుతుందన్న భయం ఒకటి, చెప్పినా ఏమీ జరగదన్న అనుభవం ఒకటి దీనికి కారణాలు. రెండోదాన్ని సృష్టించేది మనమే. "నువ్వే ఏదో చేసి ఉంటావు", "పట్టించుకోకు, వాళ్లే ఊరుకుంటారు", "నువ్వూ రెండు తగిలించు" అన్న మూడు జవాబుల్లో ఏదో ఒకటి విన్న పిల్లవాడు రెండోసారి రాడు. అందుచేత విధానం మొదట నేర్పాల్సింది వినడం. చెప్పినందుకు మెచ్చుకోవడం, అడ్డు తగలకుండా పూర్తిగా వినడం, పిల్లవాడి మాటల్లోనే రాసుకోవడం, ఎవరెవరికి ఈ సంగతి చెప్పాల్సి వస్తుందో దాచకుండా చెప్పడం, ఇవాళ ఇంటికి వెళ్లేదాకా ఎలా క్షేమంగా ఉంటాడో అతనితోనే మాట్లాడి తేల్చడం. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే నిలబెట్టుకోలేని మాట అది. ఈ శిక్షణ ఉపాధ్యాయులకు మాత్రమే ఇస్తే చాలదు. బస్సు డ్రైవరు, గ్రంథాలయంలో పనిచేసేవారు, బడిని శుభ్రం చేసేవారు, గేటు దగ్గర ఉండేవారు ఉపాధ్యాయులు చూడనివి రోజూ చూస్తుంటారు. తాము చూసింది ఎవరికి చెప్పాలో వారికి తెలియాలి, చెప్పినప్పుడు "నీకెందుకు" అన్న చూపు ఎదురుకాకూడదు. పేరు లేకుండా చెప్పే పెట్టె కూడా ఉండవచ్చు గానీ, పెట్టె మీదే ఆధారపడితే తాళం తీసేవారు లేక అది దుమ్ము పట్టిపోతుంది. పేరూ గదీ తెలిసిన ఇద్దరు మనుషులు, వీలైతే ఒక స్త్రీ, ఒక పురుషుడు, ఏ పెట్టెకన్నా ఎక్కువ పనికొస్తారు.

విన్న తర్వాతి అడుగుల విషయంలో నార్వే 2017లో అమల్లోకి తెచ్చిన నిబంధనలు నాకు ఆదర్శంగా తోస్తాయి. బడిలో పనిచేసే ప్రతి వ్యక్తికీ పిల్లలను కనిపెట్టి ఉండే బాధ్యత, వేధింపు కంటబడితే అడ్డుకునే బాధ్యత, ప్రధానోపాధ్యాయుడికి తెలియజేసే బాధ్యత ఉంటాయి. ఆపైన విచారించే బాధ్యత, చర్య తీసుకునే బాధ్యత పాఠశాలవి. తనకు బడిలో క్షేమంగా లేదని విద్యార్థి చెబితే అదే చాలు, పాఠశాల కదలాలి. నిజంగా వేధింపేనా కాదా అన్న వాదన తర్వాతి సంగతి. చర్య తీసుకునేటప్పుడు రాతపూర్వకమైన ప్రణాళిక తయారుచేయాలి. అందులో ఏ సమస్యను పరిష్కరిస్తున్నారు, ఏం చేయబోతున్నారు, ఎప్పుడు చేస్తారు, బాధ్యత ఎవరిది, పనిచేసిందో లేదో ఎప్పుడు సమీక్షిస్తారు అన్న అయిదు విషయాలు ఉండాలి. ప్రధానోపాధ్యాయుడికి చెప్పి వారం గడిచినా పరిస్థితి మారకపోతే తల్లిదండ్రులు గానీ విద్యార్థి గానీ ప్రభుత్వ అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. వేధించింది పాఠశాల సిబ్బందిలో ఒకరైతే నిబంధనలు మరింత కఠినంగా ఉంటాయి. ఇంత స్పష్టత కోసం చట్టం కావాల్సిన పని లేదు. ఒక పాఠశాల తనంతట తాను ఆ అయిదు గడుల కాగితాన్ని రేపే అచ్చు వేయించుకోవచ్చు.

సిబ్బంది మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి ఆగి చెప్పాలి. తరగతిలో ఒక విద్యార్థిని లావుగా ఉన్నాడని, మార్కులు రావని, మాట తడబడుతుందని మారుపేరుతో పిలిచే ఉపాధ్యాయుడు ఉన్నచోట నివారణ పాఠాలు ఎన్ని చెప్పినా దండగే. ఆ పేరు మర్నాటికల్లా ఆటస్థలంలోకి చేరుతుంది, పైగా పెద్దల ముద్ర పడి చేరుతుంది. పిల్లల ప్రవర్తనకు పది పేజీలు కేటాయించి పెద్దల ప్రవర్తనకు ఒక్క పంక్తి కూడా రాయని విధానాన్ని పిల్లలు గౌరవిస్తారని అనుకోవడం అమాయకత్వం.

శిక్షల విషయంలో నా అభిప్రాయం చాలామంది తల్లిదండ్రులకు నచ్చకపోవచ్చు. తమ బిడ్డను ఏడిపించినవాణ్ణి బడి నుంచి పంపేయాలని కోరుకోవడం సహజమే, ఆ కోపాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒక్క తప్పుకే బహిష్కరణ అనే కఠిన విధానాలను అమెరికా మనస్తత్వ శాస్త్ర సంఘం నియమించిన కార్యదళం సమీక్షించి 2008లో ప్రచురించిన నివేదికలో, వాటివల్ల బడులు మరింత క్షేమంగా మారాయనడానికి ఆధారాలు లేవని తేల్చింది. సస్పెన్షన్ పొందిన విద్యార్థి కొద్ది రోజులకు తిరిగి వస్తాడు, చదువులో ఇంకాస్త వెనకబడి, ఇంకాస్త కసితో. దానికన్నా పెద్ద నష్టం కంటికి కనిపించదు: శిక్ష భయంకరంగా ఉన్నచోట పిల్లలు చెప్పడం మానేస్తారు, ఉపాధ్యాయులు కూడా చూసీ చూడనట్టు వదిలేస్తారు, ఎందుకంటే ఒక మాట రాస్తే ఒకరి చదువు పోతుంది. వేధించేవారిలో కొందరు మరెక్కడో వేధింపులు పడుతున్నవారే అన్న విషయం కూడా మరువకూడదు. అలాగని పర్యవసానం లేకుండా వదిలేయమని కాదు. చేసింది తప్పని నేరుగా చెప్పాలి, చెడగొట్టింది బాగుచేయించాలి, దుర్వినియోగం చేసిన స్వేచ్ఛను కొంతకాలం తగ్గించాలి, మళ్లీ మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడాలి. దోషాన్ని సూటిగా ఎత్తిచూపే సంభాషణ మంచిదా, తప్పు మోపకుండా సహాయం అడిగే సంభాషణ మంచిదా అని కివా పాఠశాలల్లో పోల్చి చూసినప్పుడు మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెంటికీ సమానంగా ఉన్నది క్రమపద్ధతి, మరచిపోకుండా మళ్లీ చూడడం. శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే అది ప్రతిసారీ తప్పకుండా, త్వరగా, ఎవరి కొడుకన్నది చూడకుండా వస్తుందా లేదా అన్నది పిల్లలు గమనిస్తారు.

తల్లిదండ్రులను పిలిచేటప్పుడు రెండు కుటుంబాలను ఒకే గదిలో కూర్చోబెట్టకపోవడం మంచిది, కనీసం మొదటి రోజుల్లో. ఆ గదిలో పిల్లల సంగతి పక్కకు పోయి పెద్దల పరువు ముందుకొస్తుంది. బాధితుడి తల్లిదండ్రులకు బడి ఏం చేస్తోందో, మళ్లీ ఎప్పుడు మాట్లాడుతుందో కాగితం మీద ఇవ్వాలి; ఎదుటి విద్యార్థికి సంబంధించి ఏ వివరాలు చెప్పడం కుదరదో కూడా అప్పుడే చెప్పేస్తే తర్వాత అపార్థాలు తగ్గుతాయి.

ఫోన్లలో జరిగే వేధింపు గురించి విడిగా పెద్ద అధ్యాయం రాయాలని అందరూ అంటారు గానీ, అక్కడి పాత్రలు చాలావరకు తరగతిలోని పాత్రలే. పగలు నడవాలో మొదలైంది రాత్రి గ్రూపులో కొనసాగుతుంది. అదనంగా గుర్తుంచుకోవాల్సినవి రెండే. సందేశాలను చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు దాచమని చెప్పాలి. చెప్పుకున్న పిల్లల ఫోన్ లాక్కోకూడదు, ఎందుకంటే ఆ భయంతోనే ఎంతోమంది ఇంట్లో చెప్పరు.

విధానం పనిచేస్తోందా అన్న ప్రశ్నకు ఎక్కువ బడులు ఇచ్చే జవాబు తలకిందులుగా ఉంటుంది. "ఈ ఏడాది మాకు ఒక్క ఫిర్యాదూ రాలేదు" అని గర్వంగా చెప్పే ప్రధానోపాధ్యాయుడి బడిలో నాకు ముందుగా అనుమానం వచ్చేది ఫిర్యాదు చేసే దారి మీదే. జపాన్ అనుభవం దీనికి చక్కని ఉదాహరణ. 2011లో ఓత్సు నగరంలో వేధింపులకు గురైన ఒక విద్యార్థి ప్రాణాలు తీసుకున్న తర్వాత ఆ దేశం 2013లో వేధింపుల నివారణ చట్టం చేసింది. ప్రతి పాఠశాలకూ సొంత విధానం, ఒక స్థాయీ బృందం తప్పనిసరి అయ్యాయి. బాధపడిన విద్యార్థి అనుభవమే నిర్వచనానికి కేంద్రమైంది. ఆ తర్వాతి కాలంలో నమోదైన కేసులు 2020లో తగ్గడం మినహా పెరుగుతూ వచ్చి 2023 విద్యా సంవత్సరంలో 7 లక్షల 30 వేలు దాటాయి. చిన్న సంఘటనను కూడా గుర్తించి రాస్తున్నారనడానికి ఆ పెరుగుదలను సూచనగా అక్కడి విద్యాశాఖ పరిగణిస్తుంది. తీవ్రమైన కేసులు కూడా పెరుగుతుండడం మాత్రం ఆ దేశాన్ని ఇప్పటికీ కలవరపెడుతున్న సంగతి, దాన్ని నమోదు పెరగడంతోనే సమర్థించుకోలేం. కొత్త విధానం తెచ్చిన మొదటి ఏడాది ఫిర్యాదులు పెరిగితే సంతోషించాలి. నిజంగా తగ్గిందో లేదో తెలియాలంటే పేరు రాయనక్కరలేని సర్వే కావాలి, ఏడాదికి కనీసం ఒకసారి, ఒకే ప్రశ్నలతో. ఓల్వేయస్ ప్రశ్నావళి ముందుగా వేధింపు అంటే ఏమిటో వివరించి, గత రెండు నెలల్లో ఎన్నిసార్లు జరిగిందని అడుగుతుంది. నెలకు రెండు మూడుసార్లు లేదా అంతకన్నా ఎక్కువ అన్నవారిని బాధితులుగా లెక్కిస్తారు. ఎక్కడ జరిగింది, ఎవరికి చెప్పారు, చెప్పాక ఆగిందా అన్న మూడు ప్రశ్నలు జోడిస్తే మర్నాటి పని ఏమిటో కూడా తెలుస్తుంది.

సగటు అంకె తగ్గిందని సంబరపడేచోట మరొక విషయం గుర్తుంచుకోవాలి. వేధింపులు బాగా తగ్గిన తరగతుల్లో ఇంకా వేధింపులు పడుతున్న కొద్దిమంది విద్యార్థుల మానసిక స్థితి, వేధింపులు ఎక్కువగా ఉన్న తరగతుల్లోని బాధితులకంటే అధ్వానంగా ఉంటున్నట్టు సాల్మివల్లి, గారాందో తదితర పరిశోధకులు గుర్తించారు. నలుగురు బాధపడుతున్నచోట తప్పు వేధించేవాళ్లదని అర్థమవుతుంది. ఒక్కడే మిగిలినచోట లోపం తనలోనే ఉందనిపిస్తుంది, కష్టం పంచుకునే తోటి మనిషీ దొరకడు. అందుచేత కార్యక్రమం విజయవంతమయ్యేకొద్దీ మిగిలినవారి మీద శ్రద్ధ పెరగాలే తప్ప తగ్గకూడదు. మొత్తం తరగతికి చెప్పే పాఠాలు వారికి చాలవు. కౌన్సెలర్ సమయం, అవసరమైతే ఆ విద్యార్థి కోరిన మార్పు (అతణ్ణే వేరే సెక్షనుకు పంపేసి చేతులు దులుపుకోవడం ఆ మార్పు కాదు), తోడుండే ఒక స్నేహితుడు కావాలి.

వయసు కూడా పట్టించుకోవాల్సిన అంశం. డేవిడ్ యేగర్ బృందం 2015లో చేసిన విశ్లేషణలో, నివారణ కార్యక్రమాలు ఏడో తరగతి వరకు కొంత ఫలితమిచ్చినా ఎనిమిదో తరగతి నుంచి సగటు ఫలితం దాదాపు శూన్యమని తేలింది. పదిహేనేళ్ల పిల్లలకు బొమ్మల పోస్టర్లు, ప్రతిజ్ఞలు చూపిస్తే వారు వాటిని తమ తెలివికి అవమానంగా భావిస్తారు. ఆ వయసులో ఏడిపించడం కూడా పుకార్లుగా, వెలివేతగా, నవ్వులాటగా రూపం మార్చుకుని పెద్దల కళ్లకు చిక్కదు. పెద్ద తరగతులకు వారి గౌరవం, స్వాతంత్ర్యం అన్నవాటిని ముందు పెట్టుకుని వేరే దారి వెతకాలి. న్యూజెర్సీ తరహా ప్రయత్నాలు కొంత దారి చూపుతాయని నా నమ్మకం.

ఇవన్నీ చేయడానికి మనుషుల సమయం కావాలి. ఒక కేసును సరిగ్గా చేపట్టాలంటే బాధితుడితో ఒకసారి, వేధించినవారు ముగ్గురైతే ముగ్గురితో విడివిడిగా, తర్వాత కలిపి, తల్లిదండ్రులతో, మళ్లీ రెండు వారాలకు అందరితో కూర్చోవాలి. ఇది సిలబస్ పూర్తిచేయాల్సిన ఉపాధ్యాయుడు మధ్యాహ్న విరామంలో చేయగల పని కాదు. బృందంలోని ముగ్గురికీ వారానికి కొన్ని పీరియడ్లు తగ్గించి ఆ సమయాన్ని టైమ్‌టేబుల్‌లో చూపించాలి. వారిలో ఒకరు బదిలీ అయితే వారి స్థానంలోకి ఎవరు వస్తారో, కొత్తగా చేరిన ఉపాధ్యాయులకు శిక్షణ ఏ నెలలో ఇస్తారో పత్రంలోనే ఉండాలి. ఏ ముసాయిదా చేతికొచ్చినా నేను శిక్షల పట్టిక దాటేసి ముందుగా చూసేది ఈ పీరియడ్ల లెక్కనే, నేను చదివినవాటిలో ఎక్కువ పత్రాల్లో అది లేదు.